బండ వేషం

ఫైల్లో మా మామ నోరు తెరుస్తాడు.
ఒళ్ళంతా కుంకుమ, చేతిలో వేపమండ.
మాట మాత్రం రాదు.

లీలామహల్ సందులో చెంగల్రాయుడు
చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకోని
మూడు దినాలు తవ్వినాడు.
"చావలేదక్కా సౌండు,
తలకాయ తప్పుచోట పెట్టుకోనుండాది" అన్నాడు.

మొదట గాలి.
ఆమీట పలకదెబ్బ, ఎవరిదో టీవీఎస్ హారన్,
నా చిన్నప్పటి దగ్గు.
తర్వాత,
గంగజాతరలో తప్ప నోటికి రాని ఆ బూతు,
పెదాలు కదిలేదానికి అరక్షణం ముందే దూకింది.

అంగట్లో గిరాకీలు తిరిగి చూసినారు.
పిల్లోడు సిగ్గుపడి
వాల్యూం మీదికి చెయ్యి పోనిచ్చినాడు.

తగ్గించొద్దబ్బా, అన్నా.
పాలు తాగిపోయే పిల్లిని కూడా
'రామ్మా' అని పిలిచిన మనిషి.
ఇంకా పెంచి రాసియ్యి పెన్‌డ్రైవ్‌లో.
మా అత్తకు చెవుడు.