ఒక్కటే క

నెలకో ఆదివారం, పెరంబూరు లోకో స్టేషను వెనక
ఏకాంబరం టీ బంకు పక్కన
మూతపడ్డ సైకిలు షాపు అరుగు మీద
మేం ఆరుగురం చేరతాం.
సంఘం కాదు, పేరు లేదు.
చందా అంటే ఎవరి టీకి వాళ్ళిచ్చే పన్నెండు రూపాయలు.

కోదండపాణి ఏ పుస్తకమైనా చివరి పేజీ ముందు చదువుతాడు.
"ఎవరు పోతారో తెలిస్తే
మొదట్నించీ వాళ్ళతో కాస్త మర్యాదగా ఉండచ్చు గదా!"
సులోచన టీచరుకి ముందుమాటలంటే ఒళ్ళుమంట:
పెళ్ళికి పిలిచి, పెళ్ళికొడుకుని దాచేసి
మేనమామల చేత ఉపన్యాసాలిప్పించినట్టుంటాయట.
రాసినవాణ్ణి మాత్రం కలవకూడదంటాడు దేవరాజులు.
ఒకాయన్ని కలిశాడు ఎగ్మూరులో.
పుస్తకం నిండా వానలు కురిపించిన పెద్దమనిషి
గొడుగు మర్చిపోయినందుకు
గంటసేపు కూలీవాణ్ణి తిట్టాడు.
మళ్ళీ ఆ వానల్లో తడవలేకపోయాడు దేవరాజులు.

మునిరత్నం ముప్పై ఏళ్ళుగా రాయబోతున్నాడు.
రిటైరయ్యాక అన్నాడు.
కంటి ఆపరేషను కానీ అన్నాడు.
ఈ మధ్య మంచి పెన్ను కొన్నాడు,
మూత తీసి మాకు చూపించి, మళ్ళీ పెట్టేశాడు.
"రచయిత కావాలంటే ఏకాంతం కావాలి."
"మరి ఇక్కడికెందుకొస్తావయ్యా?" అంది టీచరు.

నేను ప్రెస్సులో ఇరవయ్యారేళ్ళు ప్రూఫులు దిద్దినవాణ్ణి.
నాకు అభిప్రాయాల్లేవు, ఒత్తులున్నాయి.
ఎంతవాడి ఏడుపులోనైనా
దీర్ఘం జారిపడితే లేపి నిలబెట్టాను, అంతే.

ఆరోది గజలక్ష్మి. దోసెపిండి అమ్ముతుంది.
అమ్మకం అయిపోయాక వచ్చి, చివర్న కూచుని వింటుంది.
ఇంట్లో తెలుగే. బళ్ళో తమిళం.
మన అక్షరాలు రావు.

మొన్న వైరు బుట్టలోంచి
పాల కవరు చుట్టిన నోటుబుక్కు తీసింది.
"ఏందో రాసినా. సూడన్నా."

తమిళ లిపి.
నాకొచ్చింది బస్సు బోర్డులకి సరిపడేంత.
కూడబలుక్కుని పైకి చదివితే
తెలుగు వినబడింది.

ఆ లిపిలో ఒక్కటే క.
క, ఖ, గ, ఘ నలుగురికీ
ఒకటే చొక్కా, వంతులేసుకుని తొడుక్కుంటారు.
"రేత్రంతా గాలి చప్పుడు" అని చదివాను.
"గాలి గాదన్నా, కాలి.
మా నాయన కాలి చప్పుడు.
మిల్లు మూసినాక ఆయన పండుకోలా,
తెల్లారేదాకా ఇంట్లో నడస్తానే ఉండె."

టీ గ్లాసులు కడిగే చప్పుడు కూడా
ఎక్కువగా వినబడింది కాసేపు.

ఇంకో పేజీ.
"కూడు లేదా, గూడు లేదా అమ్మా ఇక్కడ?"
ఆలోచించింది.
"ఏది సదివినా సరే."

ఎర్ర పెన్ను మూత తీశాను అలవాటుగా.
ఎక్కడ దించాలో తెలీలేదు.
"లిపి లేకుండా సాహిత్యమేంటి?" మొదలెట్టాడు దేవరాజులు.
"ఉంది గదా లిపి, నీకు రాదంతే," అంది టీచరు.
కోదండపాణి చెయ్యి చాచాడు, చివరి పేజీ కోసం.
"ఇంకా రాయలేదన్నా."
పాపం, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి
మొదట్నించి వినాల్సొచ్చింది అతనికి.

అట్ట మీద రెండే అక్షరాలు.
కథ అని ఉండచ్చు. గత అనీ ఉండచ్చు.
గద అయినా అదే రాత.
"కథేనా?" అన్నాను.
"కద" అంది, నవ్వుతూ,
ఏది అందో నాకు చెవులతో కూడా తేలలేదు.

వాన మొదలవబోతోంది. నోటుబుక్కు కవర్లో చుట్టి
"ఎవురికాడన్నా పెన్నుందా? నాది ఐపోయింది" అంది.
నాది ఇవ్వబోయాను.
"ఎరుపొద్దన్నా."

మునిరత్నం జేబు మీద చెయ్యేసుకున్నాడు.
రైలొకటి ఆగి, వెళ్ళిపోయేదాకా
అట్లాగే ఉన్నాడు.
తర్వాత తీసిచ్చాడు.

"మూత జాగ్రత్త."