తెడ్డు చెవి

బరంపురంలో మా షెడ్డు వెనక గోడకి
పక్క ఐస్ ఫ్యాక్టరీ చెమ్మ ఎప్పుడూ ఆరదు.
ఒక లేతు, పని చేసినప్పుడు చేసే డ్రిల్లింగ్ మెషినొకటి,
బోటు పంకాలు సాపు చేయించుకోడానికొచ్చేవాళ్ళ
ఉప్పు పట్టిన చెప్పులు గుమ్మం దగ్గర.
ఇక్కడి నుంచే నౌకాదళానికి
నలభై రెండు పేజీల దరఖాస్తు పంపాం
నేనూ, సౌభాగ్య పాఢీ.

అతను ఒడియాలో ఆలోచిస్తాడు, నేను తెలుగులో తిడతాను,
ఫారం ఇంగ్లీషులో ఉంటుంది.
సర్క్యూట్ బోర్డుకి ఏ భాషా పట్టదు,
టంకం సరిగ్గా అంటుకుంటే చాలు.

పదకొండో గడిలో అడిగారు:
ఈ ఆవిష్కరణకు మూలం ఏమిటి?
రెండు వందల మాటలు మించకుండా.

అన్ని మాటలెందుకు!
మా గురువులు తాత గోపాలపురం ఎదర
తెప్ప మీద బోర్లా పడుకుని
తెడ్డు నీళ్ళలోకి నిలువునా దింపి
పిడిని చెవికి ఆనించేవాడు.
ఉష్ అనేవాడు. గాలిని కూడా గదిమేవాడు.
కాసేపాగి, “గొరకలు. ఉత్తరం పక్క. బోల్డు.”
వలేస్తే నిజమే.
నాకప్పుడు ఏడేళ్ళు. నేనూ చెవి పెట్టాను.
నీళ్ళ హోరు తప్ప ఏమీ లేదు.
“ముందు నీల్లనే ఇనాల. అది పోయాక
మిగిల్నాదే సేప,” అన్నాడు.

దాన్నే సౌభాగ్య
నేపథ్య శబ్ద నిర్మూలన అని రాశాడు.
ఆ గడికి మంచి మార్కులే పడ్డాయి.

మొదటి విడత పదకొండు లక్షల నలభై వేలు.
పోయినేడు అప్పుకని వెళ్తే
అమ్మ కమ్మలు తెమ్మన్న మేనేజరే
లేచి నిలబడి, ఫ్యాను నా వైపు తిప్పాడు.

పరికరమంటే పెద్దగా ఏం లేదు,
మోచెయ్యంత ప్లాస్టిక్ గొట్టం,
అడుగున పింగాణీ బిళ్ళ,
లోపల నిండా ఆముదం.
పసిపిల్లల మాడుకి పెట్టేదే.
నీటి చప్పుడు ఆముదంలోంచి
చెదరకుండా వస్తుంది.

ఫిబ్రవరిలో పరీక్ష. రుషికుల్యా మొగ దాటి
ఆరు బారల లోతులో దింపాం.
లెఫ్టినెంట్ గారికి హెడ్‌ఫోన్ ఇచ్చాను.
ముందు రొయ్యల చిటపట,
మూకుట్లో ఆవాలు పేలినట్టు.
తర్వాత ఎక్కడో తాబేలేమో, బండరాయి దొర్లినట్టు.
ఆపైన ఇంజను.

తాబేళ్ళ నెలల్లో అటు బోట్లు పోకూడదు.

లాప్‌టాప్ మీద ఒక గీత లేచింది,
ప్రతి మూడో దెబ్బకీ చిన్న కుంటు.
మూడు రెక్కల పంకా, ఒకటి వంగింది.
ఆ రెక్క నాకు తెలుసు.
వినాయక చవితి ముందు నేనే కొట్టి సరిచేశాను,
కొస దగ్గర అర అంగుళం తేడా వదిలేసి,
“మళ్ళీ రా మావా” అన్నాను.
రాలేదు. మూడు వందలు బాకీ కూడా.

“ఎంత దూరం?” అన్నాడాయన.
“నాలుగు కిలోమీటర్లు.”
“బాగుంది. ఎవరిదో చెప్పగలదా?”

సౌభాగ్య నా వైపు చూడలేదు.
సముద్రం వైపు అంత శ్రద్ధగా
అతనెప్పుడూ చూడగా చూళ్ళేదు.

“అది చెప్పలేదండీ,” అన్నాను.
అబద్ధం కాదు. యంత్రం చెప్పలేదు.

గుర్తింపు సామర్థ్యం: సాధించలేదు
అని రాసుకున్నాడు.
రెండో విడత ఆ గడి మీదే ఆధారపడుంది.

ఆ రాత్రి చిట్టోడు మావ ఇంటికెళ్ళి
పంకా విప్పించాను.
“ఏటే నూకాలూ, అర్దరేతిరి?
నానడగలేదు గదే!”
మోపెడ్ మీద వేసుకుని షెడ్డుకి తెచ్చి
వేడి చేసి, కొట్టి, కొలిచి,
మళ్ళీ కొట్టాను.
పక్క గోడవతల ఐసు దిమ్మలు దబదబ పడుతున్నాయి.
తెల్లారేసరికి వెంట్రుకవాసి తేడా లేదు.
ఇప్పుడది సముద్రంలో అన్ని పంకాల్లాగే పలుకుతుంది.

దాన్ని బల్ల మీద పెట్టి
గొట్టాన్ని తొట్టి నీళ్ళలో దించి
ఊరికే హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను.
ముందు నీళ్ళు.
అవి పోయాక
మిగిలిన చప్పుడేదో ఉంది,
ఇంకా పేరు పెట్టలేదు.
రెండో ఫారం సోమవారంలోగా పంపాలి.