బడి వెనక వీధి

ముప్పై ఒక్క ఏండ్లు బ్రెజిల్ చెప్పిన
చండూరు హైస్కూల్ల, తొమ్మిదో తరగతి బి సెక్షన్‌కు.
రెండు మేకులకు వేలాడే పటం మీద ఈత బరిగె ఆనిచ్చి
ఇది అమెజాన్, ఇది కాఫీ,
ఇగో ఈ అంచుకు రియో.
అక్కడ ఏటేటా వీధులలో ఉత్సవము జరుగును.
జరుగును. పుస్తకంల గంతే ఉండె.
పరీక్షల ఒక్క మార్కు.

వెనక బల్ల నుంచి కాశింబి లేసింది ఒకనాడు.
"ఏం జేస్తరు టీచర్ ఆడ?"
వేషాలు గడతరు, వాయిద్యాలు గొడతరు,
తెల్లారెదాక రోడ్ల మీద ఎగుర్తరు.
"మా పీరీల తీర్గనా?"
తరగతంత నవ్వింది.
నేను నవ్వలే. కూసో అన్న.
కూసున్నది.
బల్ల కిర్రుమన్న ఆ చప్పుడు
నా పింఛన్ కాయితాల వెంబడి ఇంటిదాక వచ్చింది.

బడి గోడకు ఆనుకొనే పీరీల కొట్టం.
వాళ్లు ఊదు వేస్తే మా బ్లాక్‌బోర్డు మసకబడేది.
కిటికీ మూయుమనేదాన్ని.
కిటికీ మూసి, సముద్రం అవతలి వీధి చూపెట్టేదాన్ని.

ఈ యేడు, తొమ్మిదో రాత్రి, పోయిన.
కొత్త చెప్పులు, చేతిల నీళ్ల సీస,
చంకల బిగవట్టిన పర్సు.
అచ్చం టూరిస్టునే.
మా ఇంటి నుంచి మూడు వందల అడుగులు.

అలావ గుంతల తుమ్మ మొద్దులు కణకణ.
చుట్టూ మనుషులు, ఒకరి నడుం పట్టి ఒకరు,
ముందుకు రెండు, పక్కకు ఒకటి,
డప్పు ఆగినా కాళ్లు ఆగుతలేవు.
ఒంటికి పసుపు రంగు, నల్ల చారలు,
ఒక పులి నా మొఖం మీదికి దుంకి గాండ్రించి
గొంతు తగ్గించి అడిగింది:
"కరెంటు బిల్లు ముట్టిందా టీచర్?"
మీటర్లు రాసే పీరయ్య!

ఫోన్ తీసి పైకెత్తిన.
పక్కన ఒక ముసలామె, నెత్తి మీద కొంగు,
"తీస్కో బిడ్డా. గని ఎరికేనా, ఇది ఏడ్పు."
పండుగ గాదా?
"పండుగే. ఏడ్చే పండుగ.
ఇసుక నేలల పసిపోరగాండ్లు
గుక్కెడు నీళ్లు దొరకక సచ్చిన్రు గద."
నా చేతిల సీస ఒక్కపారి బరువైంది.

ఆమె ఉస్సేనమ్మ. కాశింబి తల్లి.
కాశింబి లేదు, భీవండిల మగ్గాల కాడ ఉన్నదట,
ఈసారి సెలవు దొరకలేదట.
"మా టీచర్ కుర్సీ మీంచి లేవకుంట
సముద్రాలు దాటిస్తది అనేది" అని
మలీద నా దోసిట్ల పెట్టింది.
ఆ మాట ఎటు మింగాల్నో తెల్వలే,
బెల్లంతోని మింగిన.

గప్పుడే పెద్దపీరు లేసింది.
ఎర్రదట్టీలు, వెండి చెయ్యి, దాని కింద
కండ్లు మూసుకొని ఊగే ఒక బక్క పిలగాడు.
ఆడోళ్లు బిందెలతోని వాని కాళ్ల మీద నీళ్లు గుమ్మరిస్తున్నరు.
నేను మూత తీసిన.
లీటరు సీస, సగం తాగింది.
అయినా పోసిన.

ఎన్నిసార్లు గుంత చుట్టు తిరిగిన్నో లెక్కలేదు.
మోకాలు నొప్పి యాదికొచ్చేసరికి
చెప్పులు లేవు.
ఎతికిన. ఎవరో ఏసుకపోయిన్రు.

బూడిద, బురద అంటిన కాళ్లతోని
మూడు వందల అడుగులు
శానాసేపు నడిచిన.