రెండో పొరకూ మూడో పొరకూ మధ్య

నడుము కింద నేను లేను.
ఆకుపచ్చ గుడ్డకు అవతల
కత్తెర్లు ట్రేలో పడే చప్పుడుండాది, అంతే.
కుట్లు అయిపోయినాయన్నారు.
ఇంతలో చిన్న డాక్టరమ్మ, రెహానా అంట పేరు,
పక్కటెముకల కింద జిగురు పూసి
"చల్లగుంటాది" అనింది.
నాకేం తెలుస్తాది!

"ఇంకో సూదా అమ్మా?" అంటే
"నడుం మత్తు సాయంత్రానికి దిగిపోతాది,
ఇది రేపు పొద్దున దాకా
నీ గాయానికి కాపలా" అని
టీవీ మాదిరి ఉండేదాన్ని నా దిక్కు తిప్పింది.

నలుపు తెలుపుల్లో నా కడుపు.
చూసినాను, నవ్వొచ్చింది.
అడ్డంగా కోసిన ఉల్లిగడ్డ.
పొర కింద పొర, దాని కింద పొర.
ఇరవై ఆరేండ్లు కర్నూలు యార్డులో
లెక్కలేనన్ని లారీలు దించినా గానీ
మోసిన సరుకే నా లోపల కూడా ఉండాదని
ఎవురు చెప్పినారు?

సూది సన్నటి గీత మాదిరి దిగి
రెండో పొర దాటి, మూడోదాని మీద ఆగింది.
మందు వదిలితే
పొరలు రెండూ ఎడంగా జరిగి
నడుమ నల్లటి సందు,
పట్ట కింద గాలి దూరినట్టు, ఉబ్బింది.
"అదిగో నరం" అని వేలు పెట్టి చూపించింది.
దానికో పేరుండాదంట.
రెండుసార్లు చెప్పింది, నాకు నోరు తిరగలా.
ఇలియో... ఏదో దూరపు ఊరి పేరు మాదిరి.
గజ్జల్లో పండుకున్న దారప్పోగుకు
అంత పొడుగు పేరు!
యార్డులో నా పేరు నూట పన్నెండు.
ఇత్తడి బిళ్ళ మీద ఉంటాది, చూసుకోవచ్చు.

మా నాయనకూ ఇదే బుడ్డ.
దగ్గితే కోడిగుడ్డంత లేచేది.
రాగి పైసా అదిమిపెట్టి, పాత పంచె చింపి కట్టుకొని
బావులు తవ్వే పనికి పొయ్యేవాడు.
రాత్రిళ్ళు గోడ దిక్కు తిరిగి
వేళ్ళతో లోపలికి నెట్టుకునేవాడు,
పిల్లలం నిద్రపోయినామనుకొని.
ఆ నరం పేరు ఆయనకూ తెలీదు.
అది మాత్రం ఆయన్ని బాగా ఎరుగు.

సాయంత్రం కాళ్ళొచ్చినాయి.
ముందు బొటనవేలు, చానాసేపటికి మోకాలు,
అప్పిచ్చిన సామాను
ఒక్కొక్కటే తిరిగిచ్చినట్టు.
గాయం మాత్రం నోరిప్పలా.
కట్టు పక్కన గిల్లి చూసినా,
ఎవురిదో చర్మం.

పక్క మంచం ఉసేనయ్యకు మొన్న కోసినారు.
ఆ పొద్దు ఆ మిషను చెడిపోయిందంట.
దగ్గొస్తే దిండు కరుచుకుంటాన్నాడు.
"నీకేమప్పా, పెండ్లికొడుకు మాదిరి పండుకున్నావు"
అన్నాడు.
సిగ్గేసింది.
కాలు రవ్వంత కదిలించి
నొప్పున్నోని మాదిరి మూలిగినా.
సుంకులమ్మ నమ్మేసి
నీళ్ళ సీసాతో ఉరికొచ్చింది.
ఉత్తదేలే అని కండ్లతో చెప్పినా.
ఇద్దరికీ నవ్వాగలా.
కుట్లు పోతాయని ఆమె నోటికి కొంగు,
నా నోటికి ఆమె చెయ్యి.

తెల్లారుజామున, కింద
టీ అంగడి రేకు తలుపు లేచినప్పుడు
వచ్చింది.
తలుపు కొట్టలా.
ఇల్లెరిగిన మనిషి మాదిరి
గడప మీద కాసేపు కూసుని
లోపలికొచ్చింది.

నర్సమ్మ కాగితం పట్టుకొని
"నొప్పి పదికెంత?" అనింది.
పదంటే ఎంతో నాకేం తెలుసు?
యాభై కిలోల బస్తా తెలుసు.
వానకు తడిసిన బస్తా ఎంతుంటాదో తెలుసు.
"గంపలో రెండు గడ్డలంత" అన్నా.
ఆమె రెండు అని రాసుకుంది.

మూడు నెలలు బరువెత్తొద్దన్నారు.
సరే అని తలూపినా.
తల ఊపడానికి బరువేముంది?

పొయ్యేటప్పుడిచ్చిన కాగితం
సుంకులమ్మ మడత విప్పి, నాకేసి చూసి,
ఉసేనయ్య చేతికిచ్చింది.
ఆయన కూడబలుక్కుంటా చదివినాడు:
బోయ ఉరుకుందు, యాభై రెండేండ్లు, కుడి గజ్జ,
సూది వేసిన టైము.
నూట పన్నెండని యాడా లేదు.
"ఇంకోసారి చదువన్నా" అనింది.
చదివినాడు,
దిండు వదలకుండానే.