పీతకి తల ఉండదు

రేపు పొద్దున్నే వేషం.
ఆ సంగతి నాకు తెలిసేసరికి రాత్రి ఎనిమిది.
డైరీ అట్ట మడతలో
మూడు రోజులుగా నలుగుతున్న చీటీ.

"కుందేలు వేద్దామా? రెండు చెవులు చాలు" అన్నాను.
తల అడ్డంగా ఊపింది జోషిత.
పిల్లి? అడ్డంగా.
పులి? క్లాసులో పులులు అప్పటికే ఏడు.
"పీత" అంది.
అని, అప్పుడే సగం పీతై,
మంచం పక్కగా జరిగి నిలబడింది.

పరవాడ కంపెనీ నుంచి తెచ్చిన అట్టపెట్టె ఉంది.
దాని మీద అచ్చులో
'తడి తగలనీయరాదు'.
గుండ్రంగా కోస్తే
ఆ మాట సరిగ్గా వీపు మధ్యకొచ్చింది.
ఎర్రరంగు లేదు.
కుంకుమ, జిగురు కలిపి పూశాం.
గోళ్ళరంగు సీసా మొత్తం
ఒక్క డెక్కకే అయిపోయింది.

కాళ్ళు ఎనిమిది కావాలి.
డ్యూటీలో వేసుకునే సాక్సులు నావి ఏడే దొరికాయి,
ఎనిమిదోది ఎక్కడుందో ఉతికిన బట్టలకే తెలియాలి.
పాత పేపర్లు కూరి ఏడు కుట్టాను.
తన స్కూలు సాక్సు ఒకటి విప్పి ఇచ్చింది,
బెత్తెడుంది.
"ఇది పొట్టిదే" అన్నాను.

అంతదాకా గుమ్మంలో ఎండుచేపలు ఏరుకుంటున్న
మా అత్త మాసేనమ్మ తలెత్తింది.
జాలరిపేట నుంచి గంపలో పీతల్ని
నలభై ఏళ్ళు నెత్తిన మోసిన మనిషి.
"పొట్టిదైతే ఏటి?
ఇరిగిన కాలు మల్లీ మొలుస్తంది అనుకుంటారు."

నేను అట్ట మీద మొహం గీయబోతుంటే
పెన్సిలు లాక్కుంది.
"ఒలమ్మా, పీతకి తలేటే?
తల నేదు దానికి. కళ్ళే.
పుల్లల మీద నిలబెట్టు."
టానిక్కు సీసా మూతలు రెండు
ఐసు పుల్లల మీద లేచి
మా ముగ్గుర్నీ ఒకేసారి చూశాయి.

"మరి నడకో?" అంది అత్త.
డాక్టరు వంచొద్దన్న మోకాళ్ళే వంచి
పొయ్యి దగ్గర్నుంచి తలుపు దాకా పాకింది.
"ఎదరకి సూడాల. పక్కకెల్లాల.
అలొస్తే కన్నంలోకి."
వెనకాలే మనవరాలు.
ఇద్దరూ మంచం కిందకి దూరిపోయారు.
వేటకెళ్ళిన మా ఆయన ఫోను చేశాడు.
సిగ్నలు తెగిపోయే లోపు
పీతలున్నాయని మాత్రం చెప్పగలిగాను.
"ఎన్ని కేజీలు?" అన్నాడు.

పొద్దున్న ఏడు పులులూ గాండ్రించాయి.
"మైలపిల్లి జోషిత. పీత" అంది మైకు.
రెండు వాక్యాలు నేర్పాను.
రెండూ మర్చిపోయింది.
ఎదురుగా, మావైపే చూస్తూ
స్టేజీ ఈ కొస నుంచి ఆ కొసకి వెళ్ళింది.
అక్కడ ఆగలేదు.
మెట్లు దిగి, కుళాయిలు దాటి,
'తడి తగలనీయరాదు' కనిపించనంత దూరం.
వెనక కుర్చీలో ఎవరో
"పీత కష్టాలు పీతవి" అన్నారు.
అందరితో పాటు నేనూ నవ్వాను,
తర్వాత పరిగెత్తాను.
ప్రైజు మూడో పులికి.

మధ్యాహ్నం షిఫ్టు బస్సు.
కూర్మన్నపాలెం దాటాక క్యారేజీ సంచిలో చెయ్యి పెడితే
మెత్తగా తగిలింది,
ఎనిమిదో కాలు.
కుంకుమ నా వేళ్ళకి అంటింది.
ఎప్పుడు ఊడిందో, ఎవరు దాచారో.

కంపెనీ గేటు వచ్చింది.
నడవ నిండా జనం, సంచులు, మోచేతులు.
తిన్నగా దిగే దారి లేదు.
ఎదురుగా చూస్తూ
పక్కకి వెళ్ళాను.