మూతెడు నీళ్ళు

కొబ్బరి లోడు జోధ్‌పూర్‌లో దించి
ఢిల్లేసు తెచ్చింది ఒక ఖాళీ గుట్కా పొట్లం.
అందులో ముప్పై ఒక్క విత్తనాలు.
వీటి పక్కన ఆవగింజ పెద్దమనిషి.
"ఎడారి మొక్క మావా, పువ్వు పూస్తాదట.
నీళ్ళు అడగదు. నీకు సరిజోడు."

నవ్వాను. నవ్వితే నాలుక అంగిలికి అతుక్కుంది.

సోంపేట ఆసుపత్రి వెనక పారేసిన
డయాలసిస్ మందు డబ్బా తెచ్చి అడ్డంగా కోశాను.
బారువ ఇసుక, ఉప్పు పోయేదాకా ఏడుసార్లు కడిగాను.
ఆ కడుగునీళ్ళన్నీ కళ్ళతో తాగాను.
పాత పెంకు దంచి కలిపి
పైపైన గింజలు చల్లి, మన్ను కప్పకుండా
గాజుపలక మూత పెట్టాను.

తొమ్మిదో రోజుకి పచ్చటి చెమటబొట్లు.
ముల్లు లేదు, ఆకు లేదు,
ఎటు తలో ఎటు కాలో తెలీదు.
కూర్మావతి కళ్ళజోడు పెట్టుకుని వంగి చూసి
"ముళ్ళ మొక్క గుమ్మంలో ఏటి, ఇంటికి మంచిది కాదు" అంది.
"ఇంకేటి జరగాలే" అన్నాను.
ఆ పూట మాటల్లేవు మాకు.

నాకు రోజుకి ముప్పావు లీటరు.
స్టీలు చెంబు మీద మేకుతో గీత గీసింది తనే.
అందులోంచి నాలుగు రోజులకోసారి
సీసామూతెడు దానికి పోసేవాణ్ణి,
నూతి నిండా నీళ్ళున్నా.
ఎందుకంటే చెప్పలేను.
వానాకాలం దానికి నీళ్ళక్కర్లేదు.
అప్పుడా మూతెడు నాలుక మీద పోసుకుని
మింగకుండా కూర్చునేవాణ్ణి.

బూజు పట్టి ముప్పై ఒకటి పధ్నాలుగయ్యాయి.
తుఫాను రాత్రి మంచం కింద దాచినా
ఐదు మెత్తబడి పోయాయి.
ఆసుపత్రిలో నా వరసన
మూడో మంచానికీ ఆరో మంచానికీ దుప్పట్లు మారాయి.
అవి నేను లెక్కపెట్టలేదు.
ఈలోగా ముళ్ళొచ్చాయి, పిల్లిమీసాల్లా.

నాలుగో వేసవి. మంగళవారం.
చేతికి కట్టుతో మిట్టమధ్యాహ్నం ఆటో దిగితే
గుమ్మంలో పసుపుపచ్చటి పువ్వు,
మొక్క కంటే వెడల్పు.
గొంతు లోపల మాత్రం ఎర్రగా ఉంది.
పక్కింటి గుంటడు అప్పటికే వేలు పెట్టి ఏడుస్తున్నాడు.

కూర్మావతి చాలాసేపు చూసింది.
ఏమీ అనకుండా నా చెంబు తోమడానికి తీసుకెళ్ళింది.
ఎండలో బోర్లించినప్పుడు చూశాను.
పాత గీతకి గోరు మందం ఎత్తులో
ఇంకో గీత.
నిన్నటిది కాదు, అంచులు అరిగిపోయున్నాయి.

సాయంత్రానికి పువ్వు ముడుచుకుంది.
"రేపు మళ్ళీ పూస్తాదేటి?" అంది.
"ఏమో" అన్నాను. "ఢిల్లేసునడగాల."