పుట తిప్పేవాడు

రాగ్న్‌ఫ్రిడ్ పియానో ముందు కూచుంటే
ఆమె ఎడం పక్క ముక్కాలిపీట మీద నేను.
ఆమె గడ్డం ఆడించినప్పుడు పుట తిప్పాలి.
సంగీతంలో నా వాటా అంతే.

బెర్గెన్‌లో వాన. చెప్పక్కర్లేదు.
చర్చి గుమ్మంలో గొడుగులు
తలకిందులుగా వేలాడుతూ ఇంకా కురుస్తున్నాయి.

కవి పోయి నూట ఎనభై ఏళ్లు.
పాదిరీ దగ్గర పద్దులు రాసేవాడు,
ఇరవయ్యారేళ్లకే క్షయ మింగేసింది.
ప్రతి పద్యంలోనూ చంద్రుణ్ణి పిలిచాడు,
ఆయన ఒక్కసారీ పలికినట్టు లేదు.
ఏడు పద్యాలు. ఏడింటినీ ఒకే దారాన గుచ్చాలని
రాగ్న్‌ఫ్రిడ్ మూడు చలికాలాలు కూచుంది.

మూడో పాటలో మంచు మీద గుర్రం పోతుంది.
గిట్టల చప్పుడు రాయనంది.
"నేనే వినిపించేస్తే
పాడేవాడు ఇంకెందుకు చూస్తాడు దాన్ని?"

అయిదో పాటంతా ఒక్క మాట కోసం తగువు.
మా భాషలో దుఃఖం ఒంటి ఊపిరి మాట,
ఎంత సాగదీసినా చివర
గొంతుకి గడియ పడిపోతుంది.
ప్రతి మాటా అచ్చుతో ఆగే దేశాలున్నాయట,
అక్కడి గాయకులు పెట్టి పుట్టారు
అన్నాడు హాల్‌గ్రిమ్,
పగలు పడవ రేవులో టిక్కెట్లు చింపే మా గాయకుడు.

ఏడోది మృత్యువుని మనువాడే పద్యం.
పదకొండుసార్లు రాసి పదకొండుసార్లు చింపింది.
"ఇంత ఊరేగింపుకి నా దగ్గర మీటలు చాలవు."
గ్రంథాలయంలో, తెల్ల తొడుగుల చేతుల్తో,
విసుగొచ్చి కాగితం వెనక్కి తిప్పింది.

కొవ్వొత్తులు, రెండు.
బూట్ల అడుగు కుట్టు, సగం బాకీ.
అమ్మకి ఉత్తరం, తపాలా కూలి.
దగ్గుకి తేనె.
తేనె మీద అడ్డంగా ఒక గీత.

అదే ఏడో పాట.

"పద్దు పాడమంటావా!" హాల్‌గ్రిమ్ అలిగాడు.
తర్వాత మెల్లగా అడిగాడు:
"కొట్టేసిన మాటని ఎలా పాడను?"
"నోరు తెరువు. ఊపిరి తీసుకో. పాడకు."

కచేరీకి పంతొమ్మిది మంది, ఒక నిద్రపోయే కుక్క.
కొవ్వొత్తుల దగ్గర ఎవరో నవ్వారు.
బూట్ల దగ్గర నవ్వు సన్నగిలింది.
తేనె దగ్గర అతను నోరు తెరిచాడు.

సరిగ్గా అక్కడే పుట తిప్పాలి.
అంత నిశ్శబ్దంలో కాగితం
తెరచాప చిరిగినట్టు మోగింది.
చెమ్మకి బరువెక్కి, నా వేళ్లు దాటి
మళ్లీ వెనక్కే వాలింది.

ఆమె ఆగలేదు.
కళ్ల ముందు ఏముంటే అదే వాయించింది.
హాల్‌గ్రిమ్ ఏం చేస్తాడు,
బూట్ల బాకీ రెండోసారి పాడాడు,
అమ్మకి ఉత్తరం రెండోసారి వేశాడు,
తేనె దగ్గర మళ్లీ నోరు తెరిచాడు.

అలాగే రాసి ఉందనుకున్నారు అందరూ.
ఆమె ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడదు,
స్వరలిపిలో మాత్రం అక్కడ
పెన్సిలుతో రెండు చుక్కలు పెట్టుకుంది,
మళ్లీ మొదటికి, అని.

చెప్పులు కుట్టేవాడికి
మిగతా సగం ఇంకా ముట్టలేదు.